రెండు రోజుల వసూలు ఒక్కటే

మా అన్న సినిమా తీశాడని తెలిసిన ప్రతివాళ్ళూ ఇప్పటికీ మొదట అడిగే మాట ఒకటే: ఎంత వచ్చింది? సినిమా దేని గురించి అని అడిగినవాళ్ళు చాలా తక్కువ. నేను మామూలుగా ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఇంటికి చుట్టాలొస్తే టీ ఇచ్చి లోపలి గదిలోకి వెళ్ళి, సగంలో ఆపిన పుస్తకం తెరుస్తాను. వాళ్ళ మాటలు గోడ ఇవతల నుంచి వింటూ నచ్చినవి డైరీలో రాసుకుంటాను. కానీ ఆ ఒక్క ప్రశ్న వినిపిస్తే మాత్రం లేచి బయటికి వస్తాను. ఆ సినిమా వసూలు గురించి నాకు తెలిసినంత మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. అన్న హాల్లో ఉన్నాడు, నాయిన మేనేజర్ గదిలో ఉన్నాడు. గేటు దగ్గర నిలబడింది నేను.

అవి ఉద్యమం రోజులు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఒకరోజు రాస్తారోకో, ఇంకోరోజు వంటావార్పు. రోడ్డు మధ్యలోనే పొయ్యి వెలిగించి వండి, అక్కడే వరుసగా కూర్చుని తినేవాళ్ళు. బస్సులు లేని రోజు నేను దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి కాలేజీకి వెళ్ళి, అది మూసి ఉంటే మళ్ళీ నడిచి వచ్చేదాన్ని. నాయినకు ఆటోనగర్‌లో చిన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఉంది. నల్లగొండ పక్క ఊరి నుంచి క్లీనర్‌గా వచ్చి, డ్రైవరై, తర్వాత సొంత లారీలు కొన్నాడు. బంద్ అంటే ఆయన బండ్లు ఆగిపోతాయి. అయినా బంద్‌ను ఒక్క మాట అనేవాడు కాదు. అనాల్సిందంతా అన్నను అనేవాడు.

అన్న డిగ్రీ అయ్యాక ఆ ఆఫీసులో కూర్చోవాలి. కూర్చోలేదు. స్నేహితులను పోగుచేసి, ఫొటోలు తీసే కెమెరాతోనే హయత్‌నగర్‌లోని ఒక బస్తీలో సినిమా తీశాడు. ఎండాకాలం కరెంటు కోతల్లో పిండి గిర్ని నడిపే ఒంటరి ఆడమనిషి కథ. పాటలు లేవు. పేరున్న నటులు లేరు. అందులోని మనుషులు మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతారు. అప్పటిదాకా తెర మీద మా మాట వినిపించిందంటే అది ఎక్కువగా నవ్వించడానికో బెదిరించడానికో. ఈ సినిమాలో అదే మాటతో ఒకామె గిరాకీతో పోట్లాడుతుంది, పక్కింటి పిల్లకు జడ వేస్తుంది, తనలో తాను గొణుక్కుంటుంది. స్క్రిప్టు సాఫుగా తిరగరాసి ఇచ్చింది నేనే. అది మంచి సినిమా అని నాకు తెలుసు. అన్న మీది ప్రేమ వేరే సంగతి. ఎన్నో పుస్తకాలు చదివి, ఎన్నింటినో మధ్యలో మూసేసిన దానిగా ఆ మాట అంటున్నాను.

నాయిన డబ్బు ఇచ్చేటప్పుడే షరతు పెట్టాడు.

"ఒక్కపారే రా. పెట్టినదాంట్ల సగమన్న వాపస్ వస్తె ఇంకోటి తీసుకో, నేను అడ్డం రాను. రాకపోతె నోరు మూసుకోని ఆఫీసుల కూసోవాలె."

"సగమే ఎందుకు నాయినా?"

"సరుకు దించి ఖాళీ బండి వాపస్ వచ్చినా డీజిల్ కాలుతది కద. సగం పోవుడు నాకు అలవాటే."

దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు థియేటర్ దొరకడం కూడా ఆ రోజుల పుణ్యమే. గొడవల భయంతో పెద్ద సినిమాలు వాయిదా పడుతుంటే హాళ్ళకు బొమ్మ దొరకడం కష్టమైంది. ఆ పాత థియేటర్ మేనేజర్ కృష్ణా జిల్లా మనిషి, చాలా ఏళ్ళ కిందట వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాడు. మధ్యాహ్నం ఒక్క ఆట మాకు ఇచ్చాడు.

"బాబూ, సినిమా బావుందా బాలేదా అని నన్ను అడగొద్దు. నేను బొమ్మ చూడను. ఈ కాయితం చూస్తాను," అని టేబుల్ మీది డీసీఆర్ చూపించాడు. ఏ ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో, ఎంత వసూలైందో రోజూ రాసిపెట్టే కాగితం అది. "శుక్రవారం, శనివారం, ఆదివారం. ఈ మూడు రోజుల్లో నా హాలు అద్దె గిట్టుబాటైతే సోమవారం నుంచి కూడా ఉంచుతాను. లేదంటే డబ్బింగ్ బొమ్మ ఒకటి రెడీగా ఉందండి."

శుక్రవారం మొదటి ఆటకు అన్న నాకొక పని చెప్పాడు. "చెల్లే, నువ్వు లోపటికి రాకు. గేటు కాడ నిలబడు. బయటికొచ్చేటోళ్ళు ఏమంటున్నరో ఇను. నువ్వుంటె ఉన్నట్టె తెల్వదు కద, నీ ముందర నిజమే మాట్లాడుతరు." ఎవరైనా దాన్ని వెటకారం అనుకుంటారు. నాకు మాత్రం, నేను చేయగలిగిన పనిని కనిపెట్టి ఇచ్చినట్టు అనిపించింది. సైకిల్ స్టాండ్ పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆ రోజు జనం పలచగానే వచ్చారు. ఆట వదిలాక ఇద్దరు కుర్రాళ్ళు నా పక్కనే బండి తీస్తూ మాట్లాడుకున్నారు.

"ఏంది రా గిది, పాట లేదు, ఫైట్ లేదు. పైసల్ దండుగ."

"అరే, గామె మా అమ్మమ్మ లెక్కనే తిడుతుంది కద రా. రేపు మా అమ్మమ్మను తోల్కరావాలె."

"తోల్కరా. ఇద్దరు కలిసి తిట్టుకుంటరు."

వాళ్ళ వెనక గోదావరి యాసలో ఒక భార్యాభర్తలు. "స్లోగా ఉంది కదండీ," అందామె. ఆయన, "స్లోయేలే. కానీ మధ్యలో లేచొచ్చేద్దామంటే నువ్వే కదా కూర్చోమన్నావ్," అన్నాడు.

ఇవన్నీ అన్నకు పొల్లుపోకుండా చెప్పాను. అంతా విని అతను అడిగింది, "మంచిగుందన్నోళ్ళు ఎంతమంది?" అని. అన్నకు కూడా అప్పటికే ఆ జబ్బు అంటుకుంది.

సాయంత్రం బడంగ్‌పేట్ నుంచి మా పెద్దనాయిన దిగాడు, నాయినకు స్వయాన అన్న. మా వంశంలో ఏ శుభకార్యమైనా ఆయన చేతుల మీదే నడవాలి. మా వైపు పెళ్ళిళ్ళలో కట్నాలు చదివిస్తారు. ఒకరు మైకు పట్టుకుని ఫలానా ఊరి ఫలానా వారు ఇంత అని చదువుతుంటే, పక్కన ఇంకొకరు రాసుకుంటారు. రాలేనివాళ్ళు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపి తమ పేరు చదివిస్తారు. రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే మనం అంతకు తగ్గకుండా పెట్టాలి. మనిషి వచ్చి భోజనం చేశాడా లేదా అన్నది ఎవరికీ పట్టదు. పేరు చదివారా లేదా అన్నదే ముఖ్యం.

శుక్రవారం పలచగా ఉందని వినగానే పెద్దనాయిన మంచం మీద బాసింపట్టు వేసుకుని ఫోన్ అందుకున్నాడు.

"హలో, బావా! మనోని సినిమా ఆడుతుంది. మన ఇంట్ల లగ్గమే అనుకో. నీ పేరు మీద ఎన్ని టికెట్లు రాయాలె? గన్నేనా? మీ చిన్నదాని పెండ్లికి మేమేం పెట్టినమో జర యాది చేసుకో... ఆఁ, గట్ల రా దారికి!"

అమ్మకు నవ్వాగలేదు. "సినిమాకు కట్నాలేంది బావా? నలుగురు ఇంటె నవ్వుతరు."

"నవ్వనియ్యి. రేపు హౌస్‌ఫుల్ బోర్డు చూసి నోరు తెరుస్తరు."

నాయిన అడ్డు చెప్పలేదు. ఆయనకు కొడుకు ఓడిపోవాలని ఏమీ లేదు. షరతు పెట్టినవాడు తానే కాబట్టి గెలిపించే పని ఇంకెవరైనా చేస్తే బాగుండునని లోపల ఉండే ఉంటుంది. శనివారం పొద్దున్నే పెద్దనాయిన థియేటర్ కౌంటర్ దగ్గరికి వెళ్ళి, శని ఆదివారాల టికెట్లు కింద నుంచి బాల్కనీ దాకా దాదాపు అన్నీ కొనేసి తన రెక్సిన్ సంచీలో వేసుకున్నాడు.

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి గేటుకు నిజంగానే హౌస్‌ఫుల్ బోర్డు వేలాడుతోంది. దాని ముందు జనం నిలబడి ఉన్నారు. కోచింగ్ హాస్టళ్ళ నుంచి వచ్చిన అమ్మాయిలు ఒక గుంపు. హయత్‌నగర్ బస్తీ నుంచి ఆటోలో ఇరుక్కుని వచ్చిన ఆడవాళ్ళు ఇంకో గుంపు. వాళ్ళ వీధిలోనే సినిమా తీశారు మరి.

"మా గిర్నిల తీసిన్రు, మాకే జాగ లేదంట!" అందొకామె.

"నీ మొకం కూడ ఉన్నదంటివి కద అక్కా అందుల."

"మొకం లోపట ఉన్నది, మనిషి బయట ఉన్నది. చల్, పాండి పోదాం. ఆటోకు పెట్టింది దండుగాయె."

హాస్టల్ అమ్మాయిల్లో ఒకతె, "ఇంత చిన్న సినిమాకి ఈ క్రేజ్ ఏంటే బాబూ! రేపొద్దామా?" అంది. "రేపటివి కూడా అయిపోయాయటే," అంది పక్కనామె. వాళ్ళు బజ్జీల బండి వైపు వెళ్ళిపోయారు. అందరూ వెళ్ళిపోయారు.

నేను మెల్లగా లోపలికి వెళ్ళి తలుపు దగ్గర తెర పక్కకు జరిపి చూశాను. వరుసలకు వరుసలు మడిచిన కుర్చీలు అలాగే ఉన్నాయి. మా మేనత్త, ఆమె కోడలు, పెద్దనాయిన, అక్కడక్కడా ఇంకొందరు. చుట్టాలు తమ వంతు టికెట్లు రాయించారు, అక్కడితో వాళ్ళ ధర్మం తీరింది. చివరి వరుసలో అన్న ఒక్కడే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద గిర్ని ఆమె ఎవరితోనో హాస్యమాడింది. ఆ మాటకు నవ్వేవాళ్ళు హాల్లో లేరు. నిన్న అదే మాటకు ఆ పలచటి జనమే గట్టిగా నవ్వడం నేను బయటి నుంచి విన్నాను.

ఆట వదిలాక మేనేజర్ గదిలో నాయిన జిలేబీ పంచుతున్నాడు.

"కాయితం బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడు మేనేజర్. "రేపూ ఇంతేనంటున్నారు కదా. ఇంక ఢోకా లేదు, ఉంచేస్తాను."

నాయిన అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "చూసినవా రా!"

అన్న జిలేబీ తీసుకున్నాడు, తినలేదు. ఇద్దరం చైతన్యపురి దాకా నడిచాం. అక్కడ ఆగి, "సోమారం ఆఫీసుకు పోత," అన్నాడు.

"షరతు గెలిచినవ్ కద అన్నా."

"నేనా? మన మామలు గెలిచిన్రు, కాకలు గెలిచిన్రు. లోపట చూసినవా? చూడనీకి ఎవ్వరు రాలే."

"వచ్చిన్రు. బోర్డు చూసి వాపస్ పోయిన్రు. నేను గేటు కాడనే ఉన్న."

"నాకు మంచిగ అనిపియ్యాలని చెప్తున్నవ్."

నాకు కోపం వచ్చింది. ఊరడించడం నాకు అసలు రాదు. వచ్చుంటే చుట్టాల ముందు ఇంతగా ముడుచుకుపోయేదాన్ని కాదు. విన్నది విన్నట్టు చెప్పాను, అతను నమ్మలేదు. కాగితం గెలిచావంటోంది, హాలు ఓడావంటోంది. నేను చూసింది ఆ రెండింట్లోనూ లేదు. అతను ఆఫీసుకు పోయేలోపు దాన్ని చూపించడానికి ఇంక ఒక్క ఆట ఉంది. అది పోతే ఈ మనిషి తనను చూడటానికి ఎవరూ రాలేదనుకుంటూ జీవితమంతా లోడ్ రసీదులు రాస్తాడు.

ఆదివారం పొద్దున టిఫిన్ తింటున్న పెద్దనాయిన ముందు నిలబడ్డాను. ఆయనతో నేను అప్పటిదాకా నాలుగు మాటలు వరసగా మాట్లాడి ఎరగను.

"పెద్దనాయినా, ఇయ్యాల్టి టికెట్లు నాకియ్యి."

"ఎందుకు బిడ్డా?"

"గేటు కాడికి వచ్చినోళ్ళకు ఇస్త."

ఆయన ఇడ్లీ ముక్క ప్లేటులోనే వదిలేశాడు. "పరాయోళ్ళకా? ఒక్కొక్కటి ఒక్కొక్కరి పేరు మీద రాయించినయి. ఇంటోళ్ళు రాయించింది బయటోళ్ళకు ఎట్ల పంచుతం?"

"లగ్గానికి కట్నం రాయించినోళ్ళు రాకపోతె, వండిన బువ్వ పారబోస్తమా? ఆకలైనోళ్ళు బయట నిలబడితె?"

ఆయన అమ్మ వైపు చూశాడు. "ఈ పిల్ల మాట్లాడుతది?"

"మాట్లాడదు బావా. మాట్లాడిందంటె ఇచ్చెయ్యాలె," అంది అమ్మ.

సంచీ నా చేతికి వచ్చింది. ముందుగా హయత్‌నగర్ బస్తీకి అన్న స్నేహితుడితో కబురు చేయించాను. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు తెలిసిన రెండు హాస్టళ్ళ మెట్ల దగ్గర నిలబడి, "గిర్ని సినిమాకు టికెట్లున్నయి, రండి," అన్నాను. మొదటిసారి గొంతు నాకే వినపడలేదు. మూడోసారి బాగానే వినపడింది. గేటు దగ్గరికి చేరేసరికి మేనేజర్ గబగబా బయటికొచ్చాడు.

"అమ్మాయ్, ఊరికే పంచుతున్నావా? ఇవాళ ఊరికే చూసినోళ్ళు రేపు కొనుక్కుని చూస్తారా తల్లీ? నీ బొమ్మ నువ్వే చంపుకుంటున్నావ్."

"టికెట్లకు పైసలు మీకు ముట్టినయి సార్. కుర్చీలల్ల ఎవరు కూసుంటరో అది మీ కాయితంల ఉండదు కద."

ఆయన నవ్వి, గేటు కుర్రాడితో, "వదిలెయ్యరా," అన్నాడు.

హయత్‌నగర్ ఆడవాళ్ళు పిల్లలతో సహా దిగారు. హాస్టల్ అమ్మాయిలు వచ్చారు. చౌరస్తాలో ధర్నా ముగించుకుని మెడలో కండువాలతో వెళ్తున్న కాలేజీ కుర్రాళ్ళు ఏమిటీ జనం అని ఆగి, వాళ్ళూ లోపలికి వెళ్ళారు. సంచీ అడుగున మిగిలిన టికెట్ నాయిన చేతిలో పెట్టాను.

"నాకెందుకు?"

"నువ్వు ఇంక చూడలే నాయినా. రెండు దినాల సంది మేనేజర్ రూముల్నే కూసున్నవ్."

ఈసారి నేను కూడా లోపలికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. గిర్ని ఆమె హాస్యమాడింది. హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "గదో, గదో మా గల్లీ!" అని ఒకామె లేచి నిలబడితే వెనకవాళ్ళు అరిచి కూర్చోబెట్టారు. కొన్నిచోట్ల కుర్రాళ్ళు విసుక్కున్నారు కూడా. ఒకడు గట్టిగా ఆవులించాడు. అదీ నిజమైన ఆవులింతే. అన్న చివరి వరుసలో లేడు, అతని కుర్చీలో ఎవరో ముసలాయన ఉన్నాడు. అన్న గోడకు ఆనుకుని నిలబడి తెరను వదిలేసి జనాన్ని చూస్తున్నాడు. నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఆట వదిలాక మేనేజర్ రెండు రోజుల కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. శనివారం వసూలు, ఆదివారం వసూలు ఒక్కటే. ఒక రోజు ఖాళీ కుర్చీలు, ఒక రోజు మెట్ల మీద కూడా మనుషులు. అంకె మాత్రం రూపాయి తేడా లేదు. ఎంత వచ్చింది అని అడిగినవాళ్ళకు నేను ఈ రెండు కాగితాల సంగతి చెబుతాను. అంకె అబద్ధమని అనను. టికెట్లు నిజంగానే తెగాయి, డబ్బు నిజంగానే వచ్చింది. సినిమా మనిషికి చేరిందా అన్నది ఆ అంకెను అడిగితే దానికి తెలియదు, అంతే. డబ్బు అక్కర్లేదని కూడా అనను. నాయిన లారీ మీద అప్పు తెచ్చి ఇచ్చిన డబ్బు అది.

మేనేజర్ మాట నిలబెట్టుకుని సోమవారం ఆట ఉంచాడు. కొనుక్కుని చూసేవాళ్ళు వచ్చారు, అమ్మమ్మను తెస్తానన్న కుర్రాడు నిజంగానే ఆమెను తెచ్చాడు. కానీ హాలు అద్దెకు ఆ మంది చాలలేదు. మంగళవారం బంద్. బుధవారం డబ్బింగ్ బొమ్మ పడింది.

ఆ రాత్రి అన్నం దగ్గర నాయిన లెక్క తేల్చాడు. చుట్టాల డబ్బు కలిపితే సగం దాటుతుంది. ఆయన కలపలేదు.

"అది రాబడి కాదు. వాళ్ళ పిల్లల లగ్గాలకు తిరిగి పెట్టాలె. అది తీసేస్తె సగం రాలే."

"రాలే నాయినా," అన్నాడు అన్న. ఆదివారం తర్వాత అతని ముఖంలో ఏడుపు లేదు. "మాట మాటే. వస్త."

పై సోమవారం నుంచి అన్న ఆటోనగర్ ఆఫీసులో కూర్చున్నాడు. మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తీసుకెళ్ళాను. నాయిన, అన్న, లోడ్ కోసం ఆగిన ఒక డ్రైవర్ న్యూస్‌పేపర్ పరుచుకుని తినడానికి కూర్చున్నారు. నాయిన పప్పు కలుపుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"గామె ఎందుకు నడపలే రా?"

"ఎవరు నాయినా?"

"గిర్నామె. మూడు దినాలు కరెంటు లేదు. గిరాకి బయట డబ్బాలు పట్టుకోని నిలబడ్డది. ఆఖరికి కరెంటొచ్చింది. స్విచ్ ఎయ్యకుంట పీట మీద కూసున్నది. సినిమా అయిపాయె. గట్ల ఎవరన్న కూసుంటరా?"

"అలిసిపోయింది నాయినా."

"అలిసిపోతె పని అయినంక కూసుంటరు. కడుపు తిప్పలున్నోళ్ళు ముందు స్విచ్ ఏస్తరు."

"లేదు సేటూ," అన్నాడు డ్రైవర్. శనివారం పెద్దనాయిన అతన్నీ పిలిచినట్టున్నాడు. "కూసుంటరు. లోడు దించినంక నేను బండి స్టార్ట్ చెయ్యకుంట జరసేపు కూసుంట. ఏమో, కూసోబుద్దయితది."

"నువ్వు కూసుంటవ్, నాకు తెలుసు. అందుకే లేటొస్తవ్." నాయిన మళ్ళీ అన్న వైపు తిరిగాడు. "గామె మొకంల ఒక్కటన్న చూపియ్యాలె కద, ఎందుకు కూసున్నదో. మాకేం సమజ్ కావాలె? వారం దినాల సంది గదే ఆలోచన నాకు."

అన్న ముద్ద చేతిలోనే పట్టుకుని నాయినను చూస్తున్నాడు.

"ఒచ్చే సినిమాల గట్ల సగంల ఆపకు," అన్నాడు నాయిన. "తిను, సల్లారుతుంది."